గవర్రాజు పెట్టిన దిష్టిలోపాలు

ఆషాఢం, సోమవారం

ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు. పెళ్ళిళ్ళు లేకపోతే మొహాలు మార్చుకునేవాళ్ళు రారు. వాళ్ళు రాకపోతే నాకు పని లేదు. అయినా ఈ దినచర్య మాత్రం రాయాల్సిందేనని లైసెన్సు వాళ్ళ పట్టు. ఏ రోజు ఎవరి మొహం చెడగొట్టానో వివరంగా రాయాలట. ఇవాళ ఎవరిదీ చెడగొట్టలేదు. అద్దంలో నాది చూసుకున్నాను గానీ, అది ఎప్పుడో చెడిపోయింది కాబట్టి లెక్కలోకి రాదు.

నా అసలు కోరిక మొహాల డాక్టరు కావాలని. పరీక్షకి కూర్చున్న ప్రతిసారీ చెయ్యి వణికింది. ఆఖరిసారి ఒక అమ్మాయికి కనుబొమ తీర్చమన్నారు. తీర్చాను. తిన్నగా రావలసింది మెలికలు తిరిగి వచ్చింది. పరీక్షాధికారి నెత్తి కొట్టుకున్నాడు. ఆ పిల్ల నాయనమ్మ మాత్రం మనవరాలి గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఉండనీండి బాబూ, మరీ తీరుగా ఉంటే జనం కళ్ళు పడతాయి" అంది. అలా నేను ఫెయిలయిన వణుకే నాకు ఉద్యోగమయి కూర్చుంది.

ఇప్పుడు మా విశాఖపట్నంలో డాక్టర్ రామగోపాలం గారు ఎవరి మొహం తీర్చిదిద్దినా, కట్టు విప్పేలోపల నేను వెళ్ళి ఒక చిన్న వంకర పెట్టి రావాలి. దాన్ని దిష్టిలోపం అంటారు. అది లేని మొహంతో పిల్లని గుమ్మం దాటనివ్వరు పెద్దవాళ్ళు. నన్ను పిలవడానికి వాళ్ళకి మొహమాటం, పిలవకపోతే భయం. ఆసుపత్రిలో నా గది మెట్లకింద ఉంటుంది, బోర్డు ఉండదు. అయినా అందరికీ దారి తెలుసు.

శ్రావణం, శుక్రవారం

ఊపిరాడలేదు. ఉదయం అనకాపల్లి పెళ్ళికూతురు. మొహం వెన్నముద్ద. డాక్టరు గారు తన పని తానే చూసి మురిసిపోతున్నారు. పిల్ల అమ్మమ్మ నా గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"ఎక్కడ పెట్టమంటారమ్మా?" అని ఆనవాయితీగా అడిగాను.

"కనపడాల. కనపడకూడదు" అంది.

అందరూ ఇదే అంటారు. నేను కళ్ళు మూసుకుని కాసేపు ఆలోచించినట్టు నటించాను. నిజానికి అప్పటికే చేతిలోకి వచ్చేసింది. ఎడమ కనుబొమ నడుమ వెంట్రుకలు మొలవని సన్నటి గీత పెట్టాను. అమ్మమ్మ మనవరాలికి మెటికలు విరిచి, నాకు అరటిపళ్ళు ఇచ్చి వెళ్ళింది. తర్వాత తుని పెళ్ళికొడుక్కి పైవరసలో ఒక పన్నుని పక్కదాని మీదికి కొద్దిగా ఎక్కించాను. మధ్యాహ్నం ఒక కాలేజీ ప్రిన్సిపాలుకి కుడి చెవి కొంచెం కిందికి దించాను. సాయంత్రం వచ్చినామెకి నవ్వితే నోరు ఎడమవైపుకి పోయేట్టు ఒక నరాన్ని బిగించాను.

"ఇవన్నీ మీకెలా తడతాయి సార్?" అంది నర్సు.

"కళ" అన్నాను. అని, మూతి ఒక పక్కకి పెట్టి కిటికీలోంచి సముద్రం వైపు చూశాను. కళాకారులు అలాగే చూస్తారని సినిమాల్లో నేర్చుకున్నాను.

ఇంటికొచ్చేసరికి రత్నం లాంచీ దిగి వచ్చి అన్నం వార్చేసింది. రత్నం, అంటే నూకరత్నం, మా మేనత్త కూతురు, నా భార్య. కైలాసగిరి రేవునుంచి గాజువాక మేడలదాకా లాంచీ నడుపుతుంది. సముద్రం ఊళ్ళోకి వచ్చాక గాజువాకలో జనం మూడో అంతస్తు కిటికీల్లోంచే లాంచీలోకి దిగుతారు కదా, వాళ్ళందరూ ఆవిడకి చుట్టాలే. పుట్టిన మొహంతోనే ఉన్నది మా వీధిలో ఆవిడొక్కతే. నా మొహం సంగతి చెప్పక్కర్లేదు, డాక్టరు గారి శిష్యులు చెయ్యి తిరగడానికి దిద్దుకునే పలక అది.

"ఇయాల ఎవులి మొహం పాడు సేసినావు మావా?" అని కంచం పెడుతూ అడిగింది. రోజూ ఇదే మాట, ఇదే నవ్వు.

నేను కంచంలోకి చూస్తూ కనుబొమ సంగతీ, పన్ను సంగతీ గొప్పగా చెప్పుకున్నాను. రత్నం మజ్జిగ పోస్తున్నది పోస్తున్నట్టే కాసేపు ఆగింది. "బాగున్నాది" అని మజ్జిగ పోసింది.

శ్రావణం, బుధవారం

ఇవాళ నా మెట్లకింది గదికి ఒక సినిమా డైరెక్టరు వచ్చింది. పేరు విశాలి గారు. కుర్చీ లేదు, స్టూలు మీద కూర్చుంది. లోపాలు పెట్టేవాడు తనకి కావాలని చెప్పింది.

"మొహాలు మార్చే సైన్స్ ఫిక్షన్ సినిమాలు తీసి తీసి మా వాళ్ళు జనానికి విసుగెత్తించేశారు గవర్రాజు గారూ. హీరోకి పాటకొక మొహం. ఎవరిక్కావాలి? ఇంట్లో బామ్మ కూడా నెలకొకటి మారుస్తోంది" అంది.

నిజమే. మొన్న నాలుగు చేతుల హీరో సినిమాకి వెళ్ళాను. పాటలో ఆ చేతులు ఎక్కడ పెట్టాలో ఎవరికీ తెలియలేదు, రెండు చేతులు జేబుల్లోనే ఉండిపోయాయి. అతనికి చొక్కా ఎలా తొడిగారా అన్న సందేహం తప్ప నాకు కథ గుర్తు లేదు.

విశాలి గారి కథ వేరు. ఎవరూ మొహం మార్చుకోలేని లోకం అట. ఏ మొహంతో పుడితే దానితోనే పెరిగి, దానితోనే ముసలైపోయి, దానితోనే పోతారట. సినిమా పేరు 'పుట్టుమొహం'. అద్దం చూసుకుంటూ బతికినన్నాళ్ళూ ఒకే మనిషి కనిపించడమంటే మాటలా? ఇంత భయంకరమైన సినిమాని సెన్సారు వాళ్ళు పిల్లలకి చూపించనివ్వరేమో అన్నాను.

"అదే నాకు కావాలి. హీరోయిన్ హిరణ్మయి. ఆమెకి ఎవరూ చెయ్యని మొహం కావాలి. కొలతలు పెట్టి కోసినట్టు ఉండకూడదు. దేవుడు పని తొందరలో ఉండి చేసినట్టుండాలి. రాష్ట్రంలో పెద్ద పెద్ద డాక్టర్లందరినీ అడిగాను. వాళ్ళ చెయ్యి వణకదట."

నా చెయ్యి చూపించాను. అది ఆనందంతో ఇంకా ఎక్కువ వణికింది. ఆమె చూసి అక్కడికక్కడే నన్ను ముఖశిల్పిగా పెట్టుకుంది. పరీక్షాధికారి ఇప్పుడెక్కడున్నాడో కనుక్కుని ఫోన్ చెయ్యాలని గట్టిగా అనిపించింది.

భాద్రపదం, గురువారం

హిరణ్మయి మొహం పూర్తయింది. ఇన్నాళ్ళూ ఒక్కో మొహంలో ఒక్కో వంకర పెట్టినవాణ్ణి, మొదటిసారి మొత్తం మొహం నా చేతికొచ్చింది. కాగితం మీద గీసుకోలేదు, కొలతలు తీసుకోలేదు. కత్తి తీసుకున్నాను, అంతే, చెయ్యే వెళ్ళిపోయింది. ముక్కు కొసకి వెళ్ళినప్పుడు ఎటు తిప్పాలా అని కూడా ఆలోచించలేదు. కట్టు విప్పాక డాక్టరు గారు కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసి, "ఏమయ్యా, ఈ అమ్మాయి నాకు ఎప్పుడో తెలిసినట్టుందే" అన్నారు. విశాలి గారికి ఏడుపొచ్చింది. నాకు వెంటనే పొగరొచ్చింది.

ఆ పొగరు ఇంటిదాకా వచ్చింది. "ఏటి అలగ ఎలిగిపోతన్నావు?" అని రత్నం అడిగింది.

"నువ్వు చూస్తే గానీ అర్థం కాదులే. సృష్టి అంటారు దీన్ని" అన్నాను.

"సరేలే, సృష్టికర్తకి పప్పెయ్యమంటావా?" అంది. వేసింది. తిన్నాను.

భాద్రపదం, ఆదివారం

షూటింగు రుషికొండ మీద. హిరణ్మయి మొహం బ్రహ్మాండం, కానీ నవ్వు రావడం లేదు. పాతికేళ్ళు తీరైన మొహాలతో నవ్విన పిల్ల. ఈ నోరు ఎడమవైపుకి లాగుతుంటే తను కుడివైపుకి లాక్కుంటోంది. విశాలి గారు కట్ చెప్పి చెప్పి గొంతు పోగొట్టుకుంది. అందరూ నా వైపు చూస్తున్నారు. "ఎడమకి వదిలెయ్యండమ్మా, అదే వెళ్తుంది" అని నేనూ నవ్వి చూపించాను. శిష్యులు దిద్దిన నా మొహంతో నేను నవ్వేసరికి కెమెరా అసిస్టెంటు అటు తిరిగిపోయాడు.

అప్పుడే రత్నం క్యారియరు పట్టుకుని కొండెక్కి వచ్చింది. పొద్దున్న హడావిడిలో నేను మర్చిపోయి వచ్చాను. గొడుగు మడిచి, చెమట తుడుచుకుని, నా కోసం చూస్తూ హిరణ్మయి ఎదురుగా ఆగిపోయింది. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. కొండ మీద అందరూ ఒకసారి ఈవిడ వైపూ, ఒకసారి ఆమె వైపూ చూశారు. నాకు మాత్రం ఏమీ అర్థం కాలేదు, క్యారియరులో ఏముందా అని చూస్తున్నాను.

"మావా" అంది రత్నం. "ఇది నా మొహం కాదేటి?"

కనుబొమలో గీత. కిందికి దిగిన కుడి చెవి. కొస తిరిగిన ముక్కు. తల తిప్పి ఇటు చూశాను, అటు చూశాను. మెటికలు విరిపించుకున్న అనకాపల్లి పిల్లా, తుని పెళ్ళికొడుకూ, ప్రిన్సిపాలూ అందరూ ఒక్కసారిగా కళ్ళముందు వరస కట్టారు. ఇన్నేళ్ళూ కళ, కళ అని ఎగిరిన నేను, ఇంట్లో అన్నం పెట్టే మనిషి మొహాన్ని ముక్కలు ముక్కలుగా కోసి ఊరంతా పంచిపెట్టాను! నాకొక్క ఆలోచన కూడా సొంతంగా రాలేదు. నేల చీలి నన్ను తీసుకుపోతే బాగుండుననిపించింది.

రత్నం నోటికి కొంగు అడ్డం పెట్టుకుని పగలబడి నవ్వింది. "ఓలమ్మో, నానేదో సినిమా తార మొహం ఎట్టుకుని లాంచీ తోల్తన్నాను సూడు!" విశాలి గారు చటుక్కున, "హిరణ్మయీ, అలాగే, అలాగే నవ్వు" అని అరిచింది. హిరణ్మయి రత్నాన్నే చూస్తూ నవ్వింది. నోరు ఎడమకి వెళ్ళింది. సీను ఓకే అయింది.

దిగి వచ్చేటప్పుడు రత్నం లాంచీ ఎక్కే చుట్టాలనెవరినీ పలకరించకుండా చక్రం తిప్పింది. కొండెక్కి అలిసిపోయి ఉంటుందనుకున్నాను.

ఆశ్వయుజం, దసరా మర్నాడు

పదిహేను రోజుల్లో తీసి వదిలిన 'పుట్టుమొహం' రికార్డులు బద్దలు కొట్టేసింది. జనం హాలులో వెక్కి వెక్కి ఏడుస్తున్నారు. ఒకే మొహంతో ముసలయ్యే సీను దగ్గర ఒకాయన లేచి వెళ్ళిపోయాడట. పత్రికల్లో నా పేరు వచ్చింది, గవర్రాజు బదులు గోవిందరాజు అని వేశారు గానీ వచ్చింది. ఉత్తమ ముఖశిల్పి బహుమానానికి నా పేరు పంపుతున్నామని విశాలి గారు కబురు చేసింది. చొక్కా కుట్టించుకోవాలి.

ఆసుపత్రికి వచ్చేవాళ్ళందరికీ హిరణ్మయి మొహమే కావాలి. అది కుదరదని డాక్టరు గారు చెప్పి పంపుతున్నారు, సినిమా వాళ్ళు ఆ మొహాన్ని ఆమె పేర ముఖనమోదు కచేరీలో నమోదు చేయించారు. ఒక మొహం ఒక్కరికే అని చట్టం. నలుగురు ఒకే మొహంతో తిరిగి బ్యాంకు దోచిన రోజులనుంచీ అంతే.

రత్నం లాంచీకి జనం ఎగబడుతున్నారు. "మేడమ్, ఒక్క నవ్వు!" అని మేడల మీదినుంచి పూలు విసురుతున్నారు. రత్నం మొదట నవ్వి చేతులూపింది. ఇవాళ ఒక కుర్రదాని తల్లి, "ఏ ఆసుపత్రిలో కాపీ కొట్టించావు? నోటీసొస్తుంది జాగ్రత్త" అందట. రత్నం చెప్పింది, నాకు నవ్వొచ్చింది. ఆవిడ నవ్వలేదు.

కార్తీకం, సోమవారం

సముద్రస్నానాలకి జనం కిటకిటలాడుతున్న వేళ రత్నం లాంచీ కదలలేదు. ఏ లాంచీ అయినా నడిపేవాళ్ళ మొహం చూశాకే మోటారు మొదలవుతుంది, కచేరీలో నమోదైన మొహాలు నిన్ననే దానికి ఎక్కించారట. రత్నం చక్రం ముందు కూర్చోగానే అది తీయగా పలికింది, "నమస్కారం హిరణ్మయి గారూ. మీకు లాంచీ నడిపే అనుమతి లేదు."

"ఓసి నీ మోటారు మండా, నాను రత్నాన్నే!" అని ఈవిడ.

"మీ కొత్త చిత్రం అద్భుతం. మీకు లాంచీ నడిపే అనుమతి లేదు" అని అది.

తడిబట్టలతో జనం గోల. చివరికి మరో డ్రైవరుని పిలిపించారు. రత్నం తన లాంచీలో ప్రయాణికురాలిగా ఇంటికొచ్చింది. ఇంటికొచ్చేసరికి ముఖనమోదు కచేరీ నోటీసు గుమ్మానికి అంటించి ఉంది. నమోదైన మొహాన్ని అనుమతి లేకుండా ధరించినందుకు విచారణకి రావాలి. తన మొహం వేరని రుజువు చేసుకోకపోతే, దాన్ని మార్పించుకోవాలి. అప్పటిదాకా లాంచీ ఎక్కకూడదు.

"నా మొహం నమోదు లేదేటి?" అంది రత్నం.

"పుట్టిన మొహాన్ని ఎవరు నమోదు చేయించుకుంటారు? అది నీదేనని నీకు తెలుసు కదా అని ఊరుకున్నాం" అన్నాను.

చిన్ననాటి ఫొటోలు తీసి ముందేసుకుని కూర్చుంది. పక్కింటి ఆయన వచ్చి, ఫొటోలు చెల్లవనీ, ఇప్పుడు ఏ ఫొటో అయినా ఎవరైనా చెయ్యగలరనీ చెప్పి వెళ్ళాడు. రత్నం ఫొటోలు ఒక్కొక్కటే మళ్ళీ డబ్బాలో పెట్టేసింది. అంత నెమ్మదిగా ఆవిడ ఏ పనీ చెయ్యగా నేను చూడలేదు.

కార్తీకం, శనివారం

ఒక మహత్తరమైన సలహా ఇచ్చాను. సలహాలిచ్చేటప్పుడు నేను ఎదుటివాళ్ళ చేతికి అందనంత దూరంలో ఉండటం మంచిదని ఇవాళ తెలిసింది.

"డాక్టరు గారు ఉచితంగా చేస్తామన్నారు రత్నం. ఎక్కువేం వద్దు. ముక్కు కొంచెం తిన్నగా, కనుబొమలో గీత పూడ్చేస్తే చాలు. యంత్రం ఒప్పుకుంటుంది. సోమవారానికల్లా లాంచీ ఎక్కేస్తావు."

రత్నం చేతిలో గరిటె అలాగే ఉంది. "నా మొహం నువ్వు ఊరోళ్ళకి పంచినావు. సరే, నీ పని, ఊరుకున్నాను. దాన్నే తీసుకెళ్ళి సినిమా తారకి ఎట్టినావు. నవ్వినాను. ఇప్పుడు నా మొహం నానే తీసెయ్యాలా? నా లాంచీ నాను తోలుకోడానికి?"

"అది కాదు..."

"ఏది కాదు? కచేరీకెల్లి ఈ మొహం నానే సేసినాను, మా ఆడదాని మొహం సూసి సేసినానని సెప్పలేవేటి నువ్వు? సెప్తే నీ బహుమానం పోతాది. అందుకేగా గీత పూడ్సుకోమంటన్నావు?"

కోపంలో కూడా ఎంత స్పష్టంగా మాట్లాడుతుందో! ఒక్క ముక్క అబద్ధం లేదు. చెప్పులు వేసుకుని బయటికొచ్చి రేవు గట్టు మీద కూర్చున్నాను. చొక్కా కుట్టేవాడికి ఫోన్ చేసి బహుమానం చొక్కా వద్దని చెప్పాను. బటన్లు కుట్టేశానన్నాడు. సరే, కచేరీకి వేసుకెళ్తానన్నాను.

మార్గశిరం, గురువారం

కొత్త చొక్కాతో కచేరీకి వెళ్ళాం. ముఖనమోదు అధికారి పట్నాయక్ గారు పెద్దమనిషి, విసుగుమనిషి. రత్నాన్నీ హిరణ్మయినీ పక్కపక్క కుర్చీల్లో కూర్చోబెట్టారు. సినిమా వాళ్ళ లాయరు నవ్వుతున్నాడు. లాంచీ యంత్రాలు మొహాన్ని పైపైనే చూస్తాయట. కచేరీలో ఉన్న పెద్దయంత్రం మాత్రం గీత గీతా చూస్తుందట. అది చెప్పేదే తీర్పు.

యంత్రం తిప్పేలోపలే లేచాను. "అయ్యా, యంత్రం అక్కర్లేదు. ఆ సినిమా మొహం నా సృష్టి కాదు. ఉన్నదున్నట్టు ఈవిడ మొహం చూసి దించేశాను. నేను కాపీదారుణ్ణి. అసలు మొహం ఈవిడది. కావాలంటే నా లైసెన్సు తీసుకోండి."

రత్నం నా వైపు చూసింది. చాలా రోజుల తర్వాత కళ్ళలో కాస్త మెత్తదనం కనిపించింది. ఆ క్షణంలో నన్ను నేను ఎంత మెచ్చుకున్నానో రాయడానికి కూడా సిగ్గేస్తోంది. హాయిగా ఉండింది. తర్వాత పట్నాయక్ గారు యంత్రం తిప్పారు.

"పోలిక లేదు. రెండూ వేరు వేరు మొహాలు" అన్నారు.

ఊరుకోవచ్చు కదా! గెలిచాం. ఇంటికి పోవచ్చు. కానీ త్యాగం చేద్దామని కొత్త చొక్కాతో వచ్చినవాణ్ణి, వదులుతానా? "ఎలా వేరవుతాయండీ? నేను చేసినవాణ్ణి! నా పెళ్ళాం మొహం నాకు తెలియదా? ఎడమ కనుబొమలో గీత ఉంటుంది చూడండి."

"చూసే చెప్పండి" అన్నారు పట్నాయక్ గారు.

చూశాను. గీత ఉంది, కానీ కనుబొమ సగం నెరిసిపోయి, గీత ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. ఎప్పుడు నెరిసింది ఇది?

"సరే, నవ్వితే నోరు ఎడమవైపుకి వెళ్తుంది. రత్నం, నవ్వు."

నవ్వింది. పెదవులు మూసి, తిన్నగా నవ్వింది. ఎడమకీ వెళ్ళలేదు, కుడికీ వెళ్ళలేదు. పక్కన హిరణ్మయి భయపడుతూ నవ్వింది, ఆమె నోరు ఎడమకి వెళ్ళింది.

"పన్ను!" అని అరిచాను. "పైవరసలో పన్ను మీద పన్ను ఉంటుంది. అది చూపించు."

రత్నం నోరు తెరిచింది. అక్కడ పన్ను లేదు. ఖాళీ ఉంది.

"అది పుచ్చిపోతే పీకించీసినాను మావా. ఏడాది దాటిపోనాది. ఆ నాల్రోజులూ అంబలి తాగుతుంటే, పిల్లకాకిలా ఏటా తిండని ఎగతాళి సేసినావు. అప్పట్నించీ నోరు మూసే నవ్వుతన్నాను."

కచేరీలో ఎవరో దగ్గారు. ఇంక చెప్పడానికి నా దగ్గర ముక్కూ చెవీ మాత్రమే మిగిలాయి. చెవి చూస్తూ కళ్ళ దగ్గర ఆగిపోయాను. నీళ్ళ మీద ఎండకి చికిలించి చికిలించి రత్నం కంటి చివర్లనుంచి చెంపలదాకా సన్నటి గీతలు పడి ఉన్నాయి, ఎన్నో. ఒక్కటి కూడా నేను ఎవరికీ పెట్టలేదు. పెట్టాలంటే ముందు చూసి ఉండాలి కదా.

"మీరు చెప్పేది ఏ సంవత్సరం మొహమండీ?" అని పట్నాయక్ గారు నన్ను అడిగారు. ఎగతాళికి కాదు, కాగితంలో రాసుకోవడానికే.

రత్నమే చెప్పింది. "మా పెళ్ళినాటిది బాబూ. అప్పుడు బాగా సూసినాడు. మరింక తీరుబడి దొరకనేదు."

పట్నాయక్ గారు రాసుకుని, ముద్ర వేసి, 'ఈమె మొహానికి ఎవరితోనూ పోలిక లేదు' అన్న కాగితం రత్నం చేతికిచ్చారు. లాంచీ నడుపుకోవచ్చన్నారు. నా మాట రుజువు కాలేదు కాబట్టి నేను కాపీదారుణ్ణి కానట. నా సృష్టి నా సృష్టేనట. బహుమానానికి అడ్డు లేదని లాయరు వచ్చి చెయ్యి కలిపాడు. హిరణ్మయి రత్నం దగ్గరికి వచ్చి, "క్షమించండి అక్కా" అంది. రత్నం ఆమె చెంప మీద, తన పాత చెంప మీద, చెయ్యేసి, "దీన్ని బాగా సూసుకో తల్లీ" అంది. నేను గోడ వైపు తిరిగి ముక్కు చీదుకున్నాను.

మార్గశిరం, అదే రోజు

కచేరీనుంచి నేరుగా రేవుకే వెళ్ళింది రత్నం. చక్రం ముందు కూర్చుని కచేరీ కాగితం చూపించింది. యంత్రం కొంచెంసేపు ఆలోచించి, "నమస్కారం నూకరత్నం గారూ" అంది. కిటికీల్లో జనం చప్పట్లు కొట్టారు.

ఇన్నేళ్ళలో ఎప్పుడు లాంచీ ఎక్కినా నేను ముందు బల్ల మీద ఊరి వైపు తిరిగి కూర్చునేవాణ్ణి, గాలి బాగా తగులుతుందని. ఇవాళ వెనక్కి వెళ్ళి, చక్రానికి ఎదురుగా, ఆవిడ మొహం కనిపించేట్టు కూర్చున్నాను. లాంచీ కదిలింది. ఎండ నీళ్ళ మీద పడి ఆవిడ కళ్ళు చికిలించింది. గీతలు అక్కడే పడతాయన్నమాట. ఎడమ కంటి దగ్గర ఎక్కువ.

"ఏటలగ సూత్తన్నావు?" అంది.

"ఊరికే."

"టికెట్టు తియ్యి."

"నేనా? నీ మొగుణ్ణే నేను! ఇన్నేళ్ళలో ఏనాడైనా తీశానా?"

"నా మొగుడు నన్నెరుగుతాడు. నువ్వు నన్ను ఇయాలే సూత్తన్నావు. ఎరగనోళ్ళు టికెట్టు తియ్యాల."

లాంచీలో అందరూ గొల్లుమన్నారు. నేను లేచి, కొత్త చొక్కా జేబులోంచి డబ్బులు తీసి, బుద్ధిగా చెయ్యి చాపాను. ఆవిడ చక్రం ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో టికెట్ల కట్ట తీసింది.

"ఎక్కడికి?"

మా ఇల్లు రెండో రేవులో. ఆవిడకి తెలుసు, నాకూ తెలుసు.

"ఆఖరు రేవుకి" అన్నాను.

ఆవిడ టికెట్టు చించి ఇచ్చింది. చిల్లర ఇవ్వలేదు, నేను అడగలేదు. రెండో రేవు వచ్చింది, జనం దిగారు, ఎక్కారు. నేను దిగలేదు.